బ్యాంకు విలీనమైన తర్వాత మొదటి ఏడాది: బ్రాంచి ఉద్యోగి ఏం చేయాలి, ఎవరికి ఏమని రాయాలి

పాత బోర్డు దించారు. గోడలకు కొత్త రంగు వేశారు, కొత్త ఐడీ కార్డు మెడలో పడింది. రీజినల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు ఎవరూ లేరు. పొద్దున కౌంటర్ ముందు గేటు దాకా లైను, రాత్రి ఎనిమిదింటికి వీడియో కాన్ఫరెన్సు. ఇంటికి వెళ్లాక కూడా ఫోన్‌లో టార్గెట్ల మెసేజీలు. ఈ స్థితిలో ఉన్న తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పాత నల్లగొండ జిల్లా బ్రాంచీల్లో క్యాష్ కౌంటర్ నుంచి మొదలుపెట్టి ఆఫీసర్ దాకా పనిచేశాను. విలీనం అంటే ఏమిటో కౌంటర్ వెనక నిలబడి చూశాను. నా బ్యాంకు పేరు రాయను. మన వైపు ఏ బ్యాంకు స్టాఫ్‌ను కదిలించినా ఇంచుమించు ఇవే బాధలు చెబుతారు.

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ (ఎస్‌బీహెచ్) ఎస్‌బీఐలో కలిసింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 2025 జనవరి 1న ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు తెలంగాణ బ్రాంచీలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. గ్రామీణ బ్యాంకు పాతవాళ్లకు ఇది రెండో విలీనం. మన నల్లగొండ, ఖమ్మం వైపు ఉన్న నాగార్జున గ్రామీణ బ్యాంకు, పాలమూరులోని సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు 2006లోనే వికాస్ బ్యాంకులో కలిసిపోయాయి. ఇన్నేళ్లయినా ఆటోవాళ్లు "పాత ఎస్‌బీహెచ్ కాడ దిగుతవా?" అనే అడుగుతారు.

ఆ పేర్ల మీద మనకు ప్రేమ ఉండటం సహజం. 1941లో నిజాం కాలంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, నిజాం రాజ్యపు సొంత నాణెం ఉస్మానియా సిక్కా లెక్కలు చూసిన సంస్థ ఎస్‌బీహెచ్. ఆంధ్రా బ్యాంకును పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టారు. ఇరవై, ముప్పై ఏళ్లు ఆ పేరుతో జీతం తీసుకుని, ఆ పేరు చెప్పుకుని పెళ్లి సంబంధం కుదుర్చుకున్న మనిషికి బోర్డు దించిన రోజు కళ్లు చెమర్చుతాయి. ఎవరైనా "బోర్డే కదా, దానికేం" అంటే పట్టించుకోకండి.

కానీ ఆ పేరు తిరిగి రాదు. జీతం, సీనియారిటీ, సెలవులు, అలవెన్సు, కౌంటర్‌కు సరిపడా మనుషులు, పనిచేసే ప్రింటర్ మాత్రం అడిగితే వస్తాయి. ఈ రెండింటినీ మనసులో విడదీసుకోకపోతే పేరు పోయిన బాధ కూడా అలవెన్సు దరఖాస్తులోకి చేరుతుంది. చదివిన అధికారి "వీళ్లకు విలీనం ఇష్టం లేదు" అని ఫైలు మూసేస్తాడు. అందుకే నేను చెప్పేదంతా ఒక్క పని గురించే: కోపాన్ని కాగితం మీదకు, తేదీతో, అంకెతో తేవడం.

ముందు మీ సొంత లెక్క

డేటా కొత్త సిస్టంలోకి మారే ముందే చేయాల్సిన పని ఇది. ఇప్పటికే మారిపోయి ఉంటే ఈ వారమే కూర్చోండి. మన జీతం, సెలవుల వివరాలుండే పాత హెచ్‌ఆర్‌ఎంఎస్ పోర్టల్ కొన్నాళ్లే తెరిచి ఉంటుంది. ఆ తర్వాత లాగిన్ కాదు, అడిగితే "డేటా మైగ్రేట్ అయింది" అంటారు. కాబట్టి చివరి ఏడాది పే స్లిప్పులు, ఫారం 16లు, పీఎల్ (ప్రివిలేజ్ లీవు), సిక్ లీవు నిల్వ కనిపించే పేజీ, ఇంక్రిమెంట్ తేదీ, ప్రమోషన్ ఆర్డర్లు, స్టాఫ్ హౌసింగ్ లోన్ వడ్డీ రేటు, మిగిలిన అసలు ఎంత అన్నవి ప్రింటు తీసి ఇంట్లో ఒక ఫైలులో పెట్టుకోండి. ఇవి మీ సొంత కాగితాలు, మీ దగ్గర ఉంచుకోవడంలో తప్పు లేదు. ఖాతాదారుల కాగితం మాత్రం ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్లకండి. ఏదో ఒక రోజు అదే మీ మెడకు చుట్టుకుంటుంది.

ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్లు ఎన్‌పీఎస్‌లో, అంటే నెలనెలా జీతంలో కోసి జమచేసే పింఛను పథకంలో ఉంటారు. వాళ్లు ప్రాన్ (ఎన్‌పీఎస్ నంబరు) ఖాతా తెరిచి, విలీనం జరిగిన నెలా దానికి అటూ ఇటూ నెలలూ చూడాలి. జీతంలో కోత పడి ఖాతాలో జమ కాని నెల ఏదైనా దొరికితే వెంటనే రాయండి. ఆలస్యమైతే ఆ నెలల మీద రావాల్సిన రాబడి కూడా పోతుంది. నామినీ పేరు కూడా అక్కడే సరిచూసుకోండి.

తర్వాత విలీనం స్కీమ్, అంటే విలీనం షరతులు చెప్పే ప్రభుత్వ కాగితం చదవండి. అది గెజిట్‌లో వస్తుంది, ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. 2020 విలీనాల స్కీములను కేంద్రం ఆ ఏడాది మార్చి 4న నోటిఫై చేసింది. కలిసిపోయే బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలు ముందుకన్నా తగ్గకూడదన్న మాట అందులో ఉంది. గ్రామీణ బ్యాంకులను 1976 చట్టంలోని 23-ఎ సెక్షన్ కింద కలుపుతారు. మీ సంగతి ఏ కాగితంలో ఉందో ఆ పేరా నంబరుతో సహా డైరీలో రాసుకోండి. "అన్యాయం జరిగింది" అంటే వాదన మొదలవుతుంది. "స్కీమ్‌లో ఫలానా పేరా ప్రకారం" అంటే అవతలివాళ్లు కూడా కాగితం తీయాల్సి వస్తుంది.

మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది స్పెషల్ పే, అంటే హెడ్ క్యాషియర్ లాంటి సీటుకు జీతం పైన వచ్చే అలవెన్సు. ఒకే ఊళ్లో రెండు బ్రాంచీలుంటే, గడియారం సెంటర్‌కు ఇటొకటి అటొకటి ఉన్నట్టు, వాటిని కలిపేస్తారు. ఇద్దరు హెడ్ క్యాషియర్లలో ఒకరి సీటు పోతుంది. ఎవరి సీటు ఉండాలో సీనియారిటీ లిస్టు చెప్పాలి తప్ప కొత్త మేనేజర్ ఇష్టం కాదు. లిస్టు అడగండి, రాతపూర్వకంగా.

కౌంటర్ దగ్గర

ఖాతాదారుకు మన గొడవ అక్కర్లేదు. "మాకూ తెలియదమ్మా, పైవాళ్లు చేసిన నిర్వాకం" అని ఒక్కసారి అన్నా ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. మర్నాడు డబ్బు తీసేసుకోవడానికి జనం వస్తారు. దేవరకొండ అవతలి తండా నుంచి బస్సెక్కి వచ్చిన ఒక అవ్వ కౌంటర్ అద్దం మీద పాత పాస్‌బుక్ పెట్టి అడిగింది: "బిడ్డా, బ్యాంకు మారిందంట గదా, నా పైసలు ఉన్నయా పొయినయా?" అలాంటప్పుడు సర్క్యులర్ చదవొద్దు. పాస్‌బుక్ ప్రింటు వేసి, నిల్వ ఉన్న చోట వేలు పెట్టి చూపించి, "ఉన్నయ్ అవ్వా, బోర్డు మారింది, నీ ఖాతా నీదే" అనాలి. ఆమె బయటికెళ్లి బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఆ మాటే చెప్పింది. ఆ రోజు మాకు సగం పని తగ్గింది.

చెప్పాల్సిన విషయాలను తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి తలుపు దగ్గర అంటించండి. పై ఆఫీసు పంపే పోస్టరు కోసం ఆగకండి, అది వచ్చినా హిందీలోనో ఇంగ్లీషులోనో వస్తుంది. బ్రాంచీల్లో బోర్డులు, ఫారాలు ప్రాంతీయ భాషలో కూడా ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి తెలుగు లేని బోర్డు వచ్చిందంటే ఆ నిబంధన ఉటంకించి రీజినల్ ఆఫీసుకు రాయండి. కొత్త పేరు కింద చిన్న అక్షరాలతో "పూర్వపు ఫలానా బ్యాంకు" అని కొన్నాళ్లు ఉంచమని కూడా అడగండి. పాత పేరు మీద మన మమకారం కోసం కాదు, చదువు రాని మనిషికి దారి తెలియడం కోసం అని స్పష్టంగా రాయండి.

చార్టులో మొదటి మాట ఐఎఫ్‌ఎస్‌సీ, అంటే డబ్బు పంపేటప్పుడు బ్రాంచిని గుర్తించే కోడ్. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పనులకు వెళ్లినవాళ్లు ఇంటికి డబ్బు పంపేటప్పుడు ఎప్పుడో రాసిచ్చిన పాత కోడ్‌నే వాడుతుంటారు. కోడ్ ఆగిపోయిన రోజు నుంచి ఆ డబ్బు చేరదు, తిరిగి వెళ్లిపోతుంది. ఇక్కడ ముసలివాళ్లు మందుల కోసం ఎదురుచూస్తూ మన కౌంటర్ చుట్టూ తిరుగుతారు. సిండికేట్ పాత కోడ్‌లు 2021 జూలై 1 నుంచి పనిచేయలేదు. అంటే విలీనమైన ఏడాదికి పైగా గడువు దొరికింది, అయినా చివరి వారంలోనే జనం ఎగబడ్డారు. మీ బ్రాంచిలో గడువు తేదీ తెలిసిన రోజే పాస్‌బుక్ మొదటి పేజీ మీద కొత్త కోడ్ ముద్ర వేయడం మొదలుపెట్టండి. కోడ్ అంకెలతో ఒక రబ్బరు స్టాంపు చేయించుకుంటే చాలు, చాలా పని తీరుతుంది. "మీ పిల్లోడికి ఫోన్ చేసి ఇది చదివి చెప్పండి" అని కూడా మీరే చెప్పాలి.

రెండోది ఆధార్ లింకు. ఉపాధి కూలీ, గ్యాస్ సబ్సిడీ లాంటివి ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉంటే అక్కడికే వెళ్తాయి. మై ఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, ఖాతాదారు ఫోన్‌కు వచ్చే ఓటీపీతో అక్కడే చూడొచ్చు. రైతుభరోసా సంగతి వేరు, దానికి వ్యవసాయ శాఖ దగ్గరున్న ఖాతా నంబరు, కోడ్ ముఖ్యం. కాబట్టి మీ మండలం ఏఈఓలతో (వ్యవసాయ విస్తరణ అధికారులతో) ఒకసారి కూర్చుని పాత కోడ్‌ల సంగతి మాట్లాడండి. సీజన్ డబ్బు పడే ముందు ఒక పూట మాట్లాడుకుంటే తర్వాత వారాల గొడవ తప్పుతుంది.

మూడోది అందరూ మరిచిపోయేది: ఏటా మే చివర్లో కోసే 436 రూపాయలు, 20 రూపాయలు. జీవన్ జ్యోతి, సురక్షా బీమా ప్రీమియంలు. బ్యాంకులు కలిసినప్పుడు బీమా కంపెనీ మారవచ్చు, పాత నమోదు కొత్త సిస్టంలోకి రాకపోవచ్చు. ఖాతాలో డబ్బు ఉన్నా ప్రీమియం కోత పడని వాళ్లు మిగిలిపోతారు. ఆ ఏడాది ఇంటి పెద్ద చనిపోతే 2 లక్షల రూపాయలు రావు, ఆ భార్య వచ్చి నిలబడేది మన ముందే. జూన్ మొదటి వారంలో పాత జాబితాను, కోత పడిన జాబితాను పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరూ చెప్పరు, టార్గెట్‌లో ఉండదు. అయినా చేయండి.

బంగారం ప్యాకెట్లు, మీ యూజర్ ఐడీ

బ్రాంచీలు కలిపినప్పుడు పాత బ్రాంచి స్ట్రాంగ్ రూంలోని తాకట్టు బంగారం కొత్త చోటికి వెళ్తుంది. కస్టోడియన్‌గా, అంటే ఆ బంగారానికి బాధ్యులుగా మీ సంతకం ఉంటే ఈ భాగం మెల్లగా చదవండి. ప్యాకెట్ల సంఖ్య మాత్రమే లెక్కపెట్టి అప్పగించడం కుదరదు. ప్రతి ప్యాకెట్‌కూ లోను ఖాతా నంబరు, ప్యాకెట్ నంబరు, మొత్తం బరువు, నికర బరువు, సీలు ఎలా ఉందన్నది ఒక వరుసలో రాయాలి. సీలు చెదిరినదీ, కవరు చిరిగినదీ అక్కడికక్కడే అప్రైజర్ (బంగారం విలువ కట్టే మనిషి) ఎదుట తూకం వేయించాలి. ఇచ్చే ఇద్దరూ, తీసుకునే ఇద్దరూ ప్రతి పేజీ మీద సంతకం చేయాలి, చివరి పేజీ మీద మాత్రమే కాదు. బండి కదిలే ముందు జాబితా ఒక కాపీ ఇచ్చే బ్రాంచి రికార్డులో, ఒకటి తీసుకునే బ్రాంచిలో, ఒకటి రీజినల్ ఆఫీసులో ఉండాలి. "టైం లేదు, రేపు రాసుకుందాం" అనే మాటకు తల ఊపొద్దు. రేపటికి ఒక ప్యాకెట్ బరువు అర తులం తేడా వస్తే ఎవరి హయాంలో తగ్గిందో చెప్పే ఆధారం ఉండదు. ఆ తేడా ఏ రిటైర్మెంటు నాడో ఛార్జిషీటుగా వస్తుంది.

యూజర్ ఐడీ కూడా అలాంటిదే. కొత్త సిస్టంలో మొదటి నెలల్లో కొందరి ఐడీలు పుట్టవు. పక్కవాళ్ల ఐడీతో వోచర్లు పాస్ చేయమని ఒత్తిడి వస్తుంది. ఎంత పెద్ద లైను ఉన్నా మీ పాస్‌వర్డ్ చెప్పకండి. ఐడీ రాలేదన్న మెయిల్ రోజూ పెట్టండి, అదే విషయం కింద, పాత మెయిల్‌కు జవాబుగా. ఎక్కడ జమచేయాలో తేలనివి తాత్కాలికంగా ఉంచే సస్పెన్స్ ఖాతాలో పడిన ప్రతి ఎంట్రీకి కారణం ఆ రోజే రిజిస్టర్‌లో రాయండి.

పై అధికారులతో

కొత్త రీజినల్ హెడ్‌కు తెలుగు రాకపోవచ్చు. అది ఆయన తప్పు కాదు. ఆరు నెలలైనా ఒక్క బ్రాంచికీ రాకుండా, స్క్రీన్ మీద ఎర్ర అంకెలు చూపించి నలుగురిలో పేరు పెట్టి తిట్టడం మాత్రం ఆయన తప్పే. దాన్ని తప్పని చెప్పాలి. చెప్పే పద్ధతి చూడండి.

"మమ్మల్ని రెండో రకం మనుషుల్లా చూస్తున్నారు" అని రాశామనుకోండి. మాట నిజమే, కానీ దానిమీద ఎవరూ ఏ చర్యా తీసుకోలేరు. దాన్నే ఇలా రాయండి: "మార్చి జీతంలో నా హెడ్ క్యాషియర్ అలవెన్సు పడలేదు. ఫిబ్రవరి పే స్లిప్పులో ఉంది. రెండూ జతపరిచాను. ఏప్రిల్ జీతంతో కలిపి ఇప్పించగలరు. ఆపినట్టయితే ఏ ఉత్తర్వు ప్రకారం ఆపారో తెలపగలరు." ఇంగ్లీషులో పంపాల్సి వచ్చినా ముందు తెలుగులో రాసుకుంటే మాట సూటిగా వస్తుంది. ఒక లేఖలో ఒక్కటే విషయం. మేనేజర్ ద్వారా పంపండి, లేఖ అందినట్టు రిజిస్టర్‌లో వేసే ఇన్‌వర్డ్ నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే ఆ నంబరు రాసి మళ్లీ పంపండి.

వీడియో కాన్ఫరెన్సులో అవమానం జరిగితే అక్కడే నోరు జారొద్దు. ఆ రాత్రే తేదీ, సమయం, అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఇంకెవరు విన్నారో రాసిపెట్టుకోండి. ఒకరి లేఖను "ఆయనకు పనిచేయడం ఇష్టం లేదు" అని తోసేస్తారు. అవే మాటలు అయిదు బ్రాంచీల వాళ్లు విడివిడిగా రాస్తే తోసేయడం కష్టం.

టార్గెట్ల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన దగ్గర డబ్బు కాలాన్ని బట్టి కదులుతుంది. మిర్యాలగూడ మిల్లుల వైపు వడ్లు అమ్మిన డబ్బు వచ్చే నెలలు వేరు, బత్తాయి తోటల వాళ్లకు చేతిలో డబ్బు ఆడే నెలలు వేరు, పాలమూరు వలస కుటుంబాలు పండక్కి తిరిగొచ్చే రోజులు వేరు. ఈ సంగతి తెలియని వాళ్లు ఎండాకాలం మధ్యలో డిపాజిట్ల క్యాంపెయిన్ పెట్టి, రాలేదని మెమో ఇస్తారు. కొత్త మేనేజర్ చేరిన వారంలోనే ఒక పేజీ నోట్ చేసివ్వండి: మన ఊళ్లు ఏవి, పంటలేవి, డబ్బు ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో పోతుంది, మహిళా సంఘాల వాయిదాలు ఏ తేదీల్లో పడతాయి, కౌంటర్‌లో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు. వేరే బ్యాంకు నుంచి వచ్చిన మేనేజర్ కూడా మనలాగే దిక్కుతోచక ఉంటాడు. ఆ ఒక్క పేజీతో ఆయన పై ఆఫీసు ముందు మన తరఫున మాట్లాడగలుగుతాడు. అలా మాట్లాడినవాళ్లను చూశాను. "మీ బ్యాంకు వాళ్లు, మా బ్యాంకు వాళ్లు" అని టీ దగ్గర గుంపులు కట్టిన బ్రాంచీల్లో మాత్రం ఎవరూ ఎవరి తరఫునా మాట్లాడలేదు.

పంట లోను కోసం వచ్చిన రైతుకు బలవంతంగా బీమా పాలసీ అంటగట్టమంటే చేయకండి. ఆ మాట నోటితో చెబుతారు, కాగితం మీద ఇవ్వరు. "మెయిల్‌లో పంపండి సార్, చేస్తాను" అనండి. ఆ మెయిల్ వస్తుందని నేననుకోను.

లోపల పరిష్కారం కాకపోతే

క్లర్కులు, సబ్ స్టాఫ్ యూనియన్ ద్వారా హైదరాబాద్‌లోని కేంద్ర రీజినల్ లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లొచ్చు, బ్యాంకులు కేంద్ర పరిధిలోకి వస్తాయి కాబట్టి. రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ తిరిగి సమయం పోగొట్టుకోకండి. ఆఫీసర్లకు అసోసియేషన్, బ్యాంకు లోపలి అప్పీలు, చివరికి హైకోర్టు. సీనియారిటీ లిస్టు, ఖాళీల లెక్క ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, లేకపోతే మొదటి అప్పీలు. జీతం, అలవెన్సుల గొడవైతే ముందు 2024 మార్చి 8న కుదిరిన 12వ ద్వైపాక్షిక ఒప్పందం (బ్యాంకుల సంఘానికి, ఉద్యోగ సంఘాలకు మధ్య జీతాల ఒప్పందం) తెరిచి మీ క్యాడర్‌కు ఏముందో చూసుకోండి.

వాట్సాప్ గ్రూపుల్లో అధికారుల మీద రాయకండి, ఎంత దగ్గరివాళ్ల గ్రూపయినా సరే. స్క్రీన్‌షాట్ రీజినల్ ఆఫీసుకు చేరిన రోజు మీ అసలు ఫిర్యాదు పక్కకు పోయి ప్రవర్తన నియమాల కేసు ముందుకొస్తుంది. విలేకరులతో కూడా యూనియన్ నాయకులే మాట్లాడాలి.

ఇంకో సంగతి. మన బ్రాంచిలో రోజుకూలీ మీద ఊడ్చే అక్క, ఏళ్ల తరబడి తాత్కాలిక మెసెంజర్‌గా ఉన్న తమ్ముడు, ఊళ్లో మిషన్ పట్టుకుని పింఛన్లు పంచే బ్యాంక్ మిత్ర, వీళ్లకు స్కీమ్‌లో పేరా ఉండదు, యూనియన్ కూడా అంతంత మాత్రమే. సిస్టం మారిన రోజు బ్యాంక్ మిత్ర మిషన్ ఆగిపోతుంది, కమీషన్ నిలిచిపోతుంది, ఎవరిని అడగాలో వాళ్లకు తెలియదు. పాత బ్యాంకు నుంచి వీళ్లకు డబ్బు చెల్లించిన వోచర్ల తేదీలు, కమీషన్ స్టేట్‌మెంట్లు, వాళ్లను పెట్టుకున్న ఆర్డరు, పాత సిస్టం మూసేసే లోపే మేనేజర్ అనుమతితో వాళ్లకు కాపీలు ఇప్పించండి. కమీషన్ బాకీ ఎంతో లెక్క కట్టి, వాళ్ల దరఖాస్తు మీరే రాసిపెట్టి, ఇన్‌వర్డ్ నంబరు వేయించి వాళ్ల చేతిలో పెట్టండి.